గీతలు గీయకూడని చోటు

నా చిన్నప్పుడు మా ఊరు మొత్తానికి డ్రాయింగ్ బోర్డు ఉన్న ఇల్లు ఒక్కటే ఉండేది. అది మా పక్కిల్లు. దర్శి వైపు బస్సు రోజుకు మూడుసార్లు మాత్రమే వచ్చే ఆ పల్లెలో బొమ్మలు గీయడమంటే ముగ్గులు వేయడమనో, సినిమా బోర్డులకు రంగులు పూయడమనో అనుకునేవారు. అందుకే పక్కింటి అక్క గుంటూరులో ఉండి యంత్రాల బొమ్మలు గీసే చదువు చదువుతోందంటే ఎవరికీ సరిగా అర్థమయ్యేది కాదు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు. వాళ్ల క్లాసులో ఆడపిల్లలు ఇద్దరేనట. సెలవులకు వచ్చినప్పుడు వీధిలో ఆడవాళ్లు ఆమెను పిలిచి, "ఏదీ, ఓ మంచి నెమలి ముగ్గు వేసి పెట్టు" అనేవారు. ఆమె నవ్వి వేసి పెట్టేది. కాదనడం ఆమెకు తెలియదు.

అక్క వాళ్ల నాన్న క్రైస్తవ మిషన్ బడిలో మాస్టారు. బడిని ఆనుకునే వాళ్ల ఇల్లు, వాళ్ల గోడను ఆనుకుని మా దొడ్డి. మా నాన్న, మాస్టారు గోడకు అటూ ఇటూ నిలబడి పంటల గురించీ వానల గురించీ ఎంతసేపైనా మాట్లాడుకునేవారు. కానీ మా నాన్న ఏనాడూ వాళ్ల వరండా ఎక్కలేదు. నేను ఎక్కేదాన్ని. పదేళ్ల పిల్లని, నన్నెవరూ ఆపలేదు. తిరిగి వచ్చినప్పుడు మాత్రం మా నాయనమ్మ, "కాళ్లు కడుక్కుని రావే లోపలికి" అనేది. వేరే ఏ ఇంటికి వెళ్లొచ్చినా అలా అనేది కాదని గమనించడానికి నాకు ఇంకో అయిదారేళ్లు పట్టింది.

క్రిస్మస్ సెలవులకు అక్క వచ్చిందంటే ఆ వరండాలో బోర్డు వెలిసేది. తెల్లటి మందపాటి కాగితం, నాలుగు మూలలా పిన్నులు, అడ్డగీతలు తిన్నగా గీయడానికి పొడవాటి టీ-స్క్వేర్, ముల్లులా చెక్కిన పెన్సిళ్లు. నేను పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చునేదాన్ని. ఆమె గీత గీస్తుంటే ఊపిరి బిగబట్టేది. గీత పూర్తయ్యాక వదిలేది. నేనూ ఆమెతోపాటే బిగబట్టి, ఆమెతోపాటే వదిలేదాన్ని.

నేను చెప్పబోయేది అలాంటి ఒక క్రిస్మస్ సెలవుల్లో జరిగింది. ఆ ఏడు మాకు మూడెకరాల మిరప, మిగతాది పత్తి. మిరప నిండుగా పూత మీద ఉంది. సరిగ్గా అప్పుడు బావి మీది పంపు ఆగిపోయింది. ఆయిల్ ఇంజను బాగానే ఉంది, పంపులోనే ఏదో విరిగిందన్నారు. పొరుగూరు నుంచి ఫిట్టర్‌ను పిలిపించారు. అతను పంపు విప్పి, సుత్తితో కొట్టి కొట్టి, లోపలి నుంచి మూడు ఇత్తడి ముక్కలు బయటికి తీశాడు. పంపులో తిరిగే ఇనుప కడ్డీకి, అంటే షాఫ్టుకు, తొడుగులా ఉండే గొట్టం అది. బుష్ అంటారు. పాతకాలపు పంపు కావడంతో అలాంటి బుష్ అంగళ్లలో దొరకదని, దర్శిలో లోహాన్ని చెక్కే లేత్ మిషన్ మీద చేయించుకోవాల్సిందేనని ఫిట్టర్ చెప్పాడు. "ముక్కలు చూసి చేస్తే అరిగిపోయిన కొలతే వస్తుందండీ. కొత్తదానికి ఉండాల్సిన కొలత రావాలి. ఎవరితోనైనా బొమ్మ గీయించుకెళ్లండి" అన్నాడు.

పూత మీద ఉన్న మిరపకు నీళ్లు ఆగితే ఏమవుతుందో మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. పూలు ఎండి, గాలికి రాలిపోతాయి. ఆ సాయంత్రం మా నాన్న గోడ దగ్గర నిలబడి మాస్టారితో ఇదంతా చెప్పుకున్నాడు. మాస్టారు కొంచెం మొహమాటంగా, "మా అమ్మాయి గీస్తుందండీ. అదే చదువుతోంది" అన్నారు. కూతురి గురించి ఆయన అంత మాట అనడం నేను వినడం అదే మొదటిసారి.

అక్క అప్పటికప్పుడే మా నాన్న వెంట బావి దగ్గరకు వెళ్లి, పంపు లోపలా షాఫ్టు మీదా కొలతలు తీసుకుంది. ముక్కలు మూడూ కొంగులో మూటకట్టుకుని తెచ్చింది. వాటిని వరండాలో పేర్చి నన్ను దగ్గరకు పిలిచింది.

"బుజ్జీ, ఇది బయటినుంచి చూస్తే ఏముంది?"

"గొట్టం" అన్నాను.

"లోపల?"

"లోపల కూడా గొట్టమే."

ఆమె ఒక ముక్కను తిప్పి చూపింది. లోపలి వైపు మధ్యలో చిన్న గుంత ఉంది. ముక్కలన్నీ కలిపితే ఆ గుంత చుట్టూరా తిరిగి, గొట్టం నడుమ ఒక చిన్న గదిలా అవుతుంది. గ్రీజు అందులో నిలుస్తుందని, నిలిచి కొంచెం కొంచెంగా షాఫ్టుకు అందుతుందని చెప్పింది. ఆ గది లేకపోతే ఇత్తడీ ఇనుమూ ఒకదాన్నొకటి పట్టుకుని కాలిపోతాయంది.

నాకు అర్థమైందో లేదోనని తర్వాత ఆమె చేసింది నేను ఈ వయసులో కూడా మరచిపోలేదు. దొడ్లోంచి తడి నల్లరేగడి మట్టి తెచ్చింది. ఒక పెన్సిల్ తీసుకుని, దాని నడుమ కాస్త పత్తి చుట్టి, పైన మట్టి మెత్తింది. గుండ్రంగా సాపు చేసి, పెన్సిల్ మెల్లగా లాగేసింది. పత్తి లోపలే ఉండిపోయింది. పైకి చూస్తే ఉట్టి మట్టిగొట్టం. తర్వాత కుట్టుదారం ఒకటి రెండు చేతుల మధ్యా బిగించి పట్టుకుని దాన్ని నిలువునా రెండు చీలికలు చేసింది. లోపలి పత్తి తీసేస్తే ఆ గది కనిపించింది. చీలిన ముఖాన్ని ఒక చిత్తుకాగితం మీద మెల్లగా అద్ది తీసింది. మట్టి ఉన్న చోట మరక పడింది. గది ఉన్న చోట, షాఫ్టు దూరే చోట కాగితం తెల్లగానే ఉంది.

"దీన్నే సెక్షన్ అంటారే. వస్తువును కోసినట్టు ఊహించుకుని గీయడం. కోత పడిన చోట ఏటవాలు గీతలు గీస్తాం. ఖాళీ ఉన్న చోట ఏమీ గీయం. ఖాళీలో గీత పెడితే అక్కడ లోహం ఉందని చెప్పినట్టు. అబద్ధం చెప్పినట్టు."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. కుర్రవాళ్లకు పాఠం చెబుతూ నేను తర్వాత ముప్ఫై ఏళ్లు అదే మాట అన్నాను.

మర్నాడు పొద్దున్నే బోర్డు మీద అసలు బొమ్మ మొదలైంది. కింది సగం బుష్ బయటికి కనిపించినట్టు, పై సగం కోసి చూపించినట్టు. ఎంత ఉంటే అంత, అసలు సైజులోనే గీసింది. పొడవు, బయటి కొలత, షాఫ్టు దూరే రంధ్రం కొలత అంకెల్లో రాసింది. గ్రీజు గది కొలత మాత్రం రాయలేదు. అది ఓ వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా ఫర్వాలేదని, బొమ్మ చూసి చేసేస్తారని అంది. లేత్ షెడ్డులో వాళ్లకు సెక్షన్ అలవాటుందో లేదోనని అడుగున తెలుగులో గుండ్రటి అక్షరాలతో రాసింది: 'గీతలు ఉన్న చోట లోహం. గీతలు లేని చోట ఖాళీ.'

మా నాన్న గోడ అవతలి నుంచే చూస్తూ, "ముక్కలు కూడా పట్టుకెళ్లనా అమ్మాయ్?" అని అడిగాడు.

"అక్కర్లేదు బాబాయ్ గారూ. ఈ కాగితం చాలు" అంది అక్క. ఆ మాటలో గర్వం ఉంది. ఉండాల్సిందే. అలాంటి కాగితం మా ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

ఏటవాలు గీతలు ఒక్కటే మిగిలాయి. నేను ముందు రోజు నుంచీ బతిమాలుతున్నాను, ఒక్క గీతైనా గీయనిమ్మని. ఆమె సెట్ స్క్వేర్ అనే మూలమట్టం పట్టుకుని, నా చేతికి పెన్సిల్ ఇచ్చి, ఎడమ చివర నాలుగు గీతలు గీయించింది. "బాగుందే, చెయ్యి వణకడం లేదు" అంది. నాకు ఏనుగెక్కినట్టు అయింది. అంతలో వాళ్ల తమ్ముడు మోకాలు పగలగొట్టుకుని ఏడుస్తూ వచ్చాడు. నెత్తురు బాగా కారుతోంది. "నేనొచ్చేదాకా ఆగు" అని, అక్క వాణ్ని లోపలికి తీసుకెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే మా నాన్న గోడ దగ్గరకు వచ్చాడు. చొక్కా వేసుకుని, సంచి భుజాన వేసుకుని తయారుగా ఉన్నాడు. "బస్సు వచ్చే వేళయింది. అయిందా?" అన్నాడు.

అవలేదని నేను అనాలి. అక్కను పిలవాలి. కానీ నేను, "అయిపోవచ్చింది నాన్నా" అన్నాను. సెట్ స్క్వేర్ జరుపుకుంటూ గీతలు గీయడం మొదలుపెట్టాను. ఎడమ నుంచి కుడికి, ఒకదాని పక్కన ఒకటి. నడుమ ఆ చిన్న గది వచ్చింది. అక్కడ ఆగాలన్న ధ్యాసే నాకు లేదు. చెయ్యి పరుగెడుతోంది, నాన్న చూస్తున్నాడు. కుడి చివరకు వచ్చేసరికి బొమ్మ నిండుగా, ఎంతో అందంగా కనిపించింది. నేనే పిన్నులు తీసి, కాగితం చుట్టి, గోడ మీదుగా అందించాను. "మా తల్లే" అని మా నాన్న తీసుకుని వెళ్లిపోయాడు.

అక్క బయటికి వచ్చేసరికి బోర్డు ఖాళీగా ఉంది. అటు బస్సు మలుపు తిరిగిపోయింది.

ఆమె కోప్పడలేదు. నా ఎదురుగా కూర్చుని అడిగింది. "మిగతా గీతలు నువ్వే గీశావా?"

తలూపాను.

"నడుమ గది ఖాళీగా వదిలావు కదూ?"

సరిగ్గా అప్పుడు నాకు గుర్తొచ్చింది. పెన్సిల్ ఆ గది మీదుగా పోవడం కళ్లకు కట్టింది.

"ఏమైనా తప్పు పడితే చెప్పవే. మధ్యాహ్నం బస్సుకి నేనే వెళ్తాను. ఏం కాదు" అంది అక్క.

ఆమె గొంతు అంత మెత్తగా ఉన్నా నాకు భయమే వేసింది. బొమ్మ గీసే భాగ్యం మళ్లీ నాకు రాదేమోనని భయం. మా నాన్న 'మా తల్లే' అన్న మాట వెనక్కి తీసుకుంటాడేమోనని భయం. "వదిలాను అక్కా. ఖాళీగానే ఉంది" అన్నాను.

ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "సరే" అని లేచి వెళ్లింది. మధ్యాహ్నం బస్సు వచ్చి వెళ్లింది. నేను మా దొడ్లో నిలబడి దాని హారన్ విన్నాను.

పొద్దువాలేసరికి మా నాన్న తిరిగొచ్చాడు. చేతిలో కొత్త బుష్ బంగారంలా మెరుస్తోంది. దానికన్నా పెద్ద కబురు ఇంకోటి తెచ్చాడు. లేత్ షెడ్డు యజమాని ఆ బొమ్మను చూసి, "ఎవరండీ గీసింది? మా దగ్గర ఇలా గీసేవాళ్లు ఒక్కరూ లేరు. పరీక్షలయ్యాక ఆ అమ్మాయిని పంపండి, ఏడాది పని నేర్పి పెట్టుకుంటాను" అన్నాడట. ఆ రోజుల్లో ఆడపిల్లను అలాంటి షెడ్డులో చేర్చుకునేవాళ్లు ఎక్కడా లేరు. కోర్సయ్యాక షెడ్డులో చేయాల్సిన ఆ ఏడాది శిక్షణ దొరక్క, అక్క కంటే ముందు బ్యాచ్ అమ్మాయి ఇంట్లో కూర్చుందని ఆమే ఒకసారి చెప్పింది. మాస్టారు ఆ కబురు విని, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. అక్క నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. పదేళ్ల పిల్లను, బరువు ఉంటాను. అయినా తిప్పింది. ఆ తిరుగుడులో కూడా నేను చెప్పొచ్చు. చెప్పలేదు.

మర్నాడు పొద్దున బుష్ బిగించి ఇంజను స్టార్టు చేశారు. నీళ్లు పడ్డాయి. కాలవలో నీరు మిరప సాళ్ల వైపు పాకుతుంటే, నేను గట్టు మీద కూర్చుని, ఏమీ కాదులే, గది లేకపోయినా నడుస్తుందిలే అనుకున్నాను. రెండు సాళ్లు తడిసేసరికి పంపు నుంచి కీచుమని శబ్దం వచ్చింది. తర్వాత కాలిన వాసన. ఫిట్టర్ పరుగెత్తుకెళ్లి ఆపేలోపే అది బిగుసుకుపోయింది. విప్పి చూస్తే బుష్ షాఫ్టుకు అతుక్కుపోయింది, షాఫ్టు కూడా చెడింది. "లోపల గ్రీజు నిలవడానికి చోటే లేదండీ" అన్నాడు ఫిట్టర్.

మా నాన్న ఆ బుష్ పట్టుకుని మధ్యాహ్నం బస్సుకే దర్శి వెళ్లాడు. లేత్ మీద పనిచేసిన అతను కాగితం బయటికి తీసి, వేలు పెట్టి చూపించాడట. గీతలున్న చోట లోహం అని వాళ్లే రాశారు, ఇదిగో గీతలున్నాయి, నేను లోహం ఉంచాను అన్నాడట.

ఆ సాయంత్రం మా నాన్న మాస్టారి వరండా ఎక్కాడు. మొదటిసారి. చెప్పులతోనే ఎక్కాడు.

"కాగితం చాలన్నావే! ముక్కలు అక్కర్లేదన్నావే! చూడు, నీ చదువు నా తోటను ఎండబెట్టింది" అని కాగితాన్ని బోర్డు మీదకు విసిరాడు. మాస్టారి వైపు తిరిగి, "ఆడపిల్లకు ఈ విద్యలెందుకు మాస్టారూ? రాని పని వచ్చని చెప్పడమెందుకు?" అన్నాడు. ఇంకా కొన్ని మాటలు అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. అయినా ఆ మాటలు వాళ్ల పుట్టుక దాకా వెళ్లాయి. వీధిలో నలుగురూ గుమిగూడారు. నేను మా అమ్మ వెనక, చీర చాటున నిలబడి ఉన్నాను.

అక్క కాగితం విప్పి చూసింది. ఎడమ చివర నాలుగు గీతలు సమానంగా ఉన్నాయి. ఆ తర్వాతివి ఎడం ఎడంగా, తొందర తొందరగా, ఆ చిన్న గది మీదుగా సాగిపోయాయి. ఎవరి చేతివో తెలుసుకోవడానికి ఆమెకు రెప్పపాటు చాలు. తలెత్తి, జనంలో నన్ను వెతికి, చూసింది. అందులో కోపం లేదు. ఎదురుచూపు ఉంది. అది ఎదురుచూపని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పుడు నేను తల దించుకున్నాను.

"తప్పు నాదే బాబాయ్ గారూ. చివర సరిచూసుకోకుండా పంపాను. గది కొలత కూడా రాయలేదు. రాసి ఉంటే వాళ్లు అడిగేవారు" అంది.

మాస్టారు మా నాన్నకు చేతులు జోడించి లోపలికి వెళ్లిపోయారు.

మా నాన్న గుంటూరు వెళ్లి, షాఫ్టూ బుష్షూ రెండూ చేయించుకొచ్చి, పంపు మళ్లీ నీళ్లు తోడేసరికి రెండు వారాలు దాటాయి. పూత సగం రాలిపోయింది. ఆ ఏడు మా కల్లంలో ఎరుపు ఓ మూలకే సరిపోయింది. అయినా మా ఇల్లు గడిచింది, పత్తి ఆదుకుంది. మరుసటి ఏడు మిరప విరగకాసింది. మేం పోగొట్టుకున్నది ఒక పంటలో కొంత భాగమే.

అక్క సంగతి అలా కాదు. దర్శి షెడ్డు యజమాని, పరీక్షలయ్యాక పంపనక్కర్లేదని కబురు చేశాడు. ఆమె పరీక్ష రాసింది, పాసయింది. శిక్షణకు చేర్చుకునే చోటు ఇంకెక్కడా దొరకలేదు. పైగా మాస్టారు వెతకనివ్వలేదు. నలుగురిలో పడ్డ మాట చాలన్నారట. వేసవి కాగానే ఆమెను టీచర్ ట్రైనింగులో చేర్పించారు. తర్వాత సింగరాయకొండ దగ్గర ఒక చిన్న బడిలో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు నేర్పే ఉద్యోగం వచ్చింది. మాస్టారు కూడా బదిలీ చేయించుకుని కుటుంబంతో వెళ్లిపోయారు.

ఆ సెలవులు అయిపోయి గుంటూరు వెళ్లే రోజు అక్క మా ఇంటికి వచ్చింది. మా అమ్మకు వెళ్లొస్తానని చెప్పి, గుమ్మం పక్కన దాక్కున్న నన్ను చూసి, తల మీద చెయ్యి వేసింది. "నీ చేతి గీత బాగుంటుందే బుజ్జీ. నేర్చుకో" అంది. ఆమె నన్ను నాలుగు తిట్లు తిట్టి ఉంటే నేను ఏడ్చి అంతా చెప్పేసేదాన్నేమో. ఆమె మెచ్చుకుంది.

నేర్చుకున్నాను. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో చేరతానంటే మా నాన్న మొదట గునిసి, తర్వాత ఒప్పుకున్నాడు. అప్పటికి ఆడపిల్లలు చదవడం మొదలైంది. నాకు దారి ఇచ్చిన మనిషే, పక్కింటి అమ్మాయికి ఆ విద్యలెందుకు అన్నాడు. ఆ రెండూ ఒకే నోటి నుంచి వచ్చాయని ఆయనకు ఏనాడూ తోచలేదు. నేను గుర్తు చేయనూ లేదు. చేస్తే మొత్తం చెప్పాలి. గుంటూరులోనే డ్రాయింగ్ లెక్చరర్‌నయ్యాను. ప్రతి ఏడూ సెక్షన్ల పాఠం వచ్చేది. నల్లబల్ల మీద బుష్ గీసి, ఏటవాలు గీతలు గీసి, నడుమ గది ఖాళీగా వదిలి, ఇక్కడెందుకు గీయలేదో చెప్పండి అని అడిగేదాన్ని. పిల్లలు చెప్పేవారు. పదేళ్ల క్రితం మా నాన్న పోయాడు. పోయే ముందు ఏడు కూడా, పంపు ఏదో మొరాయిస్తే, "కాగితం చాలంది ఆ మాస్టారి పిల్ల" అని నవ్వాడు. నేను అప్పుడూ ఊరుకున్నాను.

రిటైరయ్యాక ఇక ఆగలేక అక్క చిరునామా కనుక్కుని సింగరాయకొండ వెళ్లాను. చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. డెబ్భై దాటింది. జుట్టు ముగ్గుబుట్ట, చూపు మాత్రం అదే. నన్ను గుర్తుపట్టి, "బుజ్జీ!" అని గట్టిగా కావలించుకుంది. వీధిలో పోతున్న ఒకావిడను కేకేసి మరీ చెప్పింది. "ఈమె పెద్ద డ్రాయింగ్ లెక్చరరు. మొదటి గీత నా దగ్గరే గీసింది తెలుసా?"

టీ తాగాక చెప్పాను. డొంకతిరుగుడు లేకుండా, నాన్చకుండా చెప్పాను. ఆ రోజు గది నిండా గీతలు గీశాననీ, నువ్వు అడిగినప్పటికే అది నాకు తెలుసుననీ, తెలిసే అబద్ధం చెప్పాననీ.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "తెలుసు" అంది. "కాగితం చూడగానే గీసింది నువ్వేనని తెలిసింది. అబద్ధం ఆడావని కూడా అప్పుడే తెలిసింది" అంది.

"మరి ఎందుకు చెప్పలేదక్కా?"

"పదేళ్ల పిల్లను అంతమందిలో ఎలా చూపిస్తానే? మీ నాన్న ఆ కోపంలో ఏం చేసేవాడో. నువ్వే వస్తావనుకున్నాను. సెలవులు అయిపోయేదాకా వరండాలోనే కూర్చున్నాను. నువ్వు దొడ్డిదారిన తిరుగుతుంటే గోడ మీద నుంచి నీ జడ కనిపించేది. తర్వాత ఎవరికి చెప్పినా సాకు చెప్పినట్టే ఉంటుందని ఊరుకున్నాను."

నేను ఆమె చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు.

"నీ మీద కోపం ఎప్పుడో పోయిందే. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బాగానే బతికాను. ఇప్పుడైనా వచ్చి చెప్పావు, సంతోషమే. కాకపోతే అప్పుడు చెప్పి ఉంటే నాకు పనికొచ్చేది." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "మా నాన్న పోయేదాకా ఆ తప్పు నాదేననుకున్నాడు. నేను ఎంత చదివినా, ఎన్నేళ్లు ఉద్యోగం చేసినా, ఏదైనా కాగితం మీద సంతకం పెడుతుంటే పక్కకొచ్చి, సరిగా చూసుకున్నావా అమ్మా అని అడిగేవాడు. ఆయనకైనా తెలిసి ఉంటే బాగుండేది."

ఇందులో ఒక్క మాటా ఆమె నన్ను నొప్పించాలని అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. అన్నం తిని వెళ్లమంది. తిన్నాను. చేపల పులుసు ఇంకా వేయించుకోమని బలవంతం చేసింది. బస్సు దాకా వచ్చి, కిటికీలోంచి నా చెయ్యి నొక్కి, మళ్లీ రమ్మంది. మూడేళ్లయింది. ఇంకో రెండుసార్లు వెళ్లాను. ఆ మాట మళ్లీ మా మధ్య రాలేదు. మాస్టారి సమాధి ఆ ఊళ్లోనే ఉంది. వెళ్లిన ప్రతిసారీ అక్కడికి వెళ్లి నిలబడి వస్తాను. ఏం మాట్లాడినా ఆయన వినే కాలం దాటిపోయింది.

నిజం ఆలస్యంగానైనా చెబితే చాలని నేను చాలా ఏళ్లు నమ్మాను. మోస్తున్నవాళ్లకు బరువు దిగుతుందేమో గానీ, ఆ నిజం అవసరమైన మనిషి అప్పటికి ఉండకపోవచ్చు. అక్క నన్ను ఆ మధ్యాహ్నం బస్సు రాకముందే అడిగింది. ఆ ఒక్క గంటలో నా మాటకున్న విలువ తర్వాత నా జీవితం మొత్తంలో ఇంకెప్పుడూ లేదు.

ఇప్పుడు ఇంట్లో ఎవరైనా, స్టవ్ కట్టేశావా అనో, ఆ మాత్ర వేసుకున్నావా అనో అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. లేచి వెళ్లి చూసుకుని వచ్చి చెబుతాను. రెండుసార్లు అడిగించుకుంటున్నానని కోడలు విసుక్కుంటుంది. నాకు చెవుడు మొదలైందని అబ్బాయితో అంటోందట. అనుకోనీ. నాకు బాగానే వినిపిస్తుంది.